గురుమూఢంలో మామగారి ఒప్పులకుప్ప

పెళ్ళయి మూడేళ్ళయినా మా ఆవిడ మొగల్తూరులో, నేను రాజమండ్రిలో ఉండేవాళ్ళం. నాకు కాలేజీ చదువు పూర్తయింది. బళ్ళో ఉద్యోగం దొరికింది, అద్దె ఇల్లు దొరికింది. దొరకనిది ముహూర్తమే. పిల్లని కాపరానికి పంపమంటే మామగారికి ఒకసారి శూన్యమాసం, ఒకసారి కోతలు అడ్డొచ్చేవి. ఆ వేసవి సెలవుల్లో అత్తవారింటికి వెళితే మూఢం అడ్డొచ్చింది.

"గురుడు సూర్యుడి దగ్గర చేరి కనబడకుండా పోయాడండి. ఆయన బయటపడేదాకా పిల్లని గడప దాటించం" అన్నారు మామగారు. ఆయన మాత్రం ఏ గడపైనా కాస్త పక్కకి తిరిగే దాటేవారు. అంత లావు మనిషి.

నేను ఊరుకోవలసింది. కానీ కాలేజీలో తిన్న చదువు కడుపులో ఉంటే అరగదు.

"సూర్యుడు నిలబడి ఉంటే గురుడొక్కడే చుట్టూ తిరుగుతాడనుకోకండి మామగారూ. ఇద్దరూ కలిసి తమ మధ్యనున్న ఒక చోటు చుట్టూ తిరుగుతారు. సూర్యుడు బరువు గనక ఆ చోటు ఆయన ఒంటిని ఆనుకునే ఉంటుంది. ఆయనది చిన్న చుట్టు, గురుడిది పెద్ద చుట్టు."

మామగారు తాంబూలం నమలడం ఆపారు.

"మా తాతలు సూర్యుడు తిరుగుతాడన్నారు. మీ కాలేజీవాళ్ళొచ్చి కాదు, నిలబడి ఉంటాడన్నారు. సరే అనుకున్నాం. ఇప్పుడు తమరు మళ్ళీ తిరుగుతాడంటున్నారు. ఏదో ఒకటి తేల్చుకుని రండి, పంపుతాం." ఆపైన తలుపు చాటునున్న అత్తగారితో గొంతు తగ్గించి, "అబ్బాయికి చదువు తలకెక్కినట్టుంది. పిల్లని ఎలా పంపడం?" అన్నారు. ఆయన గొంతు తగ్గిస్తే రెండిళ్ళ అవతలికి మాత్రమే వినబడుతుంది.

ఆ విధంగా నా కాపరం సూర్యుడి కదలిక మీద ఆధారపడింది.

"ఒప్పులకుప్ప తిరిగితే తెలుస్తుందండీ. ఎంత బరువైనవాడూ ఒక్కచోట నిలవలేడు" అన్నాను.

"నేను నిలుస్తాను" అన్నారు మామగారు.

అరుగు మీద వత్తులు చేసుకుంటున్న ఆయన అక్కగారు, చింతబరికలాంటి మనిషి, లేచి కొంగు బిగించారు. "చిన్నప్పుడూ ఇదే అనేవాడివిరా. రా!"

వాకిలి అప్పుడే పేడతో అలికి ఉంది. మామగారు నడుమ స్తంభంలా నిలబడ్డారు. అక్కా తమ్ముళ్ళు చేతులు పట్టుకుని, వెనక్కి వాలి, గిర్రున తిరిగారు.

"మెల్లిగా అక్కా! పడతావ్!"

"నా సంగతలా ఉంచి నీ కాళ్ళు చూసుకోరా!"

ఆగాక చూస్తే తడి అలుకు మీద ఆవిడ అడుగులు బండిచక్రమంత చుట్టు. లోపల మామగారి మడమలు తొక్కిన జల్లెడంత చుట్టు. దాని నడుమ అలుకు చెక్కుచెదరలేదు.

"నేను కదల్లేదు. నేలే కదిలింది" అన్నారు ఆయన, ఆయాసపడుతూ.

"నీకు మూఢమూ లేదు, కోతలూ లేవు" అన్నారు అక్కగారు. "ఒక్కగానొక్క పిల్ల వెళ్ళిపోతే ఇంట్లో నిలవలేవు. అదీ నీ బెంగ. మూఢం విడిచిన మర్నాడే పంపించు."

మామగారు పైపంచెతో మొహం తుడుచుకున్నారు. చెమటే అయి ఉంటుంది.

మూఢం విడిచింది. సారెతో సహా కాలవ రేవుకి వచ్చాం. "దిగబెట్టి వచ్చేస్తానండి" అంటూ మామగారూ పడవెక్కారు. వెనకే ఆయన పరుపు, ఆవకాయ జాడీ, పడక కుర్చీ వచ్చాయి. పడవ ఒరిగింది. పడవవాడు ఆయన్ని ఒక పక్కా, సారెనీ నన్నూ రెండో పక్కా సర్దాడు. మా ఆవిడ వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది. నేను సారె బిందెలు పట్టుకుని రాజమండ్రి దాకా అలాగే వెళ్ళాను.