ఊరంత ఓడ, గుప్పెడు దుమ్ము

మా బావ పోయాడు. అక్క ఫోన్ చేసేసరికి నేను బడిలో ఆరో తరగతి పిల్లల హాజరు పిలుస్తున్నాను. "మీ బావ పోయాడే" అంది. తర్వాత, "దగ్గు ఆగింది. ఇంట్లో చప్పుడే లేదు, నాకు భయమేస్తంది, నువ్వు రా" అంది. పిల్లల్ని పక్క క్లాసు టీచరుకి అప్పజెప్పి దర్శిలో బస్సెక్కాను. దారి పొడుగునా గ్రానైటు రాళ్ళ లారీలు ఎదురొస్తూనే ఉన్నాయి. ఒక్కొక్క లారీ పోయినప్పుడల్లా కండక్టరు దుమ్మొస్తుంది కిటికీలు మూయమని అరుస్తున్నాడు. నేను మూయలేదు. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

మా బావ చీమకుర్తిలో గ్రానైటు పలకలు కోసి పాలిష్ పట్టే ఒక యూనిట్లో పనిచేశాడు. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. ఇంటికొచ్చాక ఇంకో పని ఉండేది. పాత ఇంగ్లీషు సినిమాల్లో ఆకాశంలో తేలే ఓడలు ఉంటాయి చూడండి, వాటి నకళ్ళు చేసేవాడు. పెట్టెలో కొనుక్కొచ్చి అతికించే బొమ్మలు కావవి. ప్రతి ముక్కా తనే కోసి, తనే అరగదీసి, సినిమాలో ఎక్కడ బొడిపె ఉంటే అక్కడే బొడిపె పెట్టేవాడు. మన జిల్లాలో ఈ పిచ్చి ఉన్నవాడు ఇంకొకడున్నాడో లేదో నాకు తెలియదు. ఉంటే వాడి భార్యకి నా సానుభూతి.

చిన్నప్పుడు ఒంగోల్లో ఒక సినిమా చూశాడట. నల్లటి తెర మీద సరుకులు మోసే ఓడ ఒకటి మెల్లగా వస్తూనే ఉంటుంది, ఎంతకీ అయిపోదు. ఊరంత ఓడ అనుకున్నాడట. చాలా ఏళ్ళ తర్వాత ఫోన్లో ఆ ఓడని ఎలా తీశారో చూశాడు. అది బల్ల మీద పట్టే బొమ్మ. ఇంకొకరైతే ఉసూరుమనేవారు. మా బావ నేనొచ్చేదాకా ఆగలేక గుమ్మంలోకే ఎదురొచ్చాడు. "మరదలా! అది ఇంతేనంట! మన అన్నాల బల్లంత! నేను ఊరంత అనుకున్నానే! అబ్బ, ఎంత మోసం చేశారో చూడు!" అని మురిసిపోయాడు. మోసపోయినందుకు అంత సంతోషించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ ఓడనే కట్టడం మొదలుపెట్టాడు. ఫ్లెక్సీ షాపుల్లో మిగిలిన తెల్ల ప్లాస్టిక్ షీట్లతో ఒళ్ళు, బోరు పైపు ముక్కలతో నడుము. పైన అతికించే చిన్న చిన్న సామాన్లని "సొమ్ములు" అనేవాడు. పత్తి చేలగట్ల మీద పారేసిన పురుగుమందు డబ్బాల మూతలు, స్ప్రేయర్ల నాజిళ్ళు, చచ్చిపోయిన మిక్సీ లోపలి పళ్ళ చక్రాలు, పెన్ను టోపీలు. అక్క జాకెట్లు కుట్టే మిషన్లో బాబిన్ మాయమైతే ఓడ దగ్గరికెళ్ళి వెతుక్కునేది. "కట్టుకున్నదానికి ఏనాడన్నా ఇన్ని సొమ్ములు పెట్టావా?" అని అక్క అంటే, "నువ్వు ఉత్త మెడతోనే బాగుంటావే. అది బోడిగా ఉంటే బొమ్మ అని తెలిసిపోద్ది" అనేవాడు. అక్కకి నవ్వొచ్చేది, దాచుకునేది.

అసలు ఈ చేతిపనంతా చర్చిలో నేర్చుకున్నాడు. క్రిస్మస్‌కి పశువుల పాక కట్టేది ఎప్పుడూ మా బావే. ఒక ఏడాది పాక మీది నక్షత్రం వెనకాల మూడు ఇంజన్లు కనపడ్డాయి. పాస్టరు గారు పిలిచి అడిగారు. "నక్షత్రం తూర్పు నుంచి నడిచొచ్చిందని మీరేగా అయ్యగారూ చెప్పింది? నడవాలంటే ఇంజను ఉండొద్దా?" అన్నాడు. అయ్యగారు వెనక వైపేగా అని వదిలేశారు. పిల్లలందరూ పాటలు మానేసి పాక వెనక్కి చేరారు.

ఇక దుమ్ము సంగతి చెప్పాలి. చెప్పబుద్ధి కావడం లేదు కానీ, చెప్పకపోతే మా బావ గురించి ఏమీ చెప్పనట్టే.

రంగు వేశాక ఓడ కొత్త స్టీలు గిన్నెలా ఉండేది. అది పాతబడాలి, ఎన్నో ఏళ్ళు సరుకులు మోసినట్టుండాలి. దానికి పల్చటి బంక రాసి, రాతి పొడి చల్లి, నోటితో ఊదేవాడు. "ఆకాశంలో గాలే లేదు కదా బావా, దుమ్మెక్కడిది?" అని నేను ఏడిపిస్తే, "పనిచేసే ఒంటిమీద దుమ్ము లేకుండా ఉంటదా? ఎవరు నమ్ముతారు?" అనేవాడు. అయితే పొడి మామూలుగా ఉంటే కుదరదు. నలుసు కంటికి కనపడిందంటే ఓడ బొమ్మయిపోతుంది. "పొడి ఎంత మెత్తగా ఉంటే ఓడ అంత పెద్దగా కనపడుద్ది మరదలా. ఏదీ, ఒక కన్ను మూసి చూడు" అనేవాడు. నిజమే. ఒక కన్ను మూసి, వంగి, పక్క నుంచి టార్చి వేసి చూస్తే ఆ అన్నాల బల్ల మీదున్నది ఊరంత అయ్యేది.

ఆ మెత్తదనం కోసం ఏం చేశాడో వినండి. యూనిట్లో అప్పుడప్పుడూ గుడ్డ మాస్కులు ఇచ్చేవారు. ఉక్కపోత, చెమట, ఎవరూ సరిగా కట్టుకునేవారు కాదు. మా బావ అసలు కట్టుకోనే లేదు. కొత్తవి కొత్తవిగా ఇంటికి తెచ్చాడు. రాయి కోసే మిషన్ల కింద పేరుకున్న పొడి తెచ్చి, మాస్కులో పోసి, మూట కట్టి, పళ్ళెం మీద వేలితో తట్టేవాడు. గుడ్డలోంచి మంచులాంటి పొడి రాలేది. జల్లెడ అన్నమాట! ముక్కుకి కట్టుకోమని ఇచ్చినదాన్ని జల్లెడ చేశాడు మహానుభావుడు. పొగలా లేస్తుంటే దాని మీదికే వంగి చూసేవాడు. మేమూ పక్కన నిలబడి, అబ్బ ఎంత మెత్తగా ఉందో అని వేళ్ళకి రాసుకుని చూసుకున్నాం.

దగ్గు మొదలైతే ముందు టీబీ అన్నారు. మందులు మింగాడు, తగ్గలేదు. చివరికి గుంటూరు తీసుకెళ్ళాం. పెద్ద డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుందన్నారు. "కంటికి కనపడే దుమ్ముని ముక్కు ఆపుద్దమ్మా. కనపడని మెత్తటిదే లోపలికి పోద్ది, అది ఇక బయటికి రాదు" అన్నారు అక్కతో. మా బావ నవ్వాడు. "ఆ మెత్తటిదాని కోసమే కదండీ నేను అంత తిప్పలు పడింది" అన్నాడు. డాక్టరు గారికి అర్థం కాలేదు. అక్కకి అర్థమైంది. బస్సులో దారంతా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

ఆ రోజు నుంచి అక్క ఇంట్లో దుమ్ముతో యుద్ధం పెట్టుకుంది. పొద్దునా సాయంత్రం తడిగుడ్డ. గుమ్మానికి తడి గోనెపట్టా. ఓడ అప్పటికి దాదాపు అయిపోయింది, వెనక ఇంజన్ల దగ్గర దుమ్ము పట్టించడమే మిగిలింది. జల్లించిన పొడి ఉన్న సీసాని అక్క బీరువాలో పెట్టి తాళం వేసింది. పారెయ్యవే అంటే, బయట పోస్తే మళ్ళీ గాలికి లేచి ఇంట్లోకే వస్తుందంది.

పోయిన నెలలో నేను వెళ్ళినప్పుడు మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ఎదురుగా ఓడ. అక్కని పిలిచాడు. మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, "ఆ తోక ఒక్కటే మిగిలింది. బంక రాసి, పొడేసి, ఒక్క ఊదు ఊదితే అయిపోద్ది. నాకు ఊపిరి లేదు. నువ్వు ఊదవే" అన్నాడు.

"నిన్ను తిన్నదాన్ని నేను ముట్టుకోను" అంది అక్క.

"నేనూదుతా బావా" అన్నాను.

"నువ్వొద్దు మరదలా. ఇన్నేళ్ళు నా ఒంటి దుమ్ము దులిపింది మీ అక్క. అదే ఊదాలి" అన్నాడు. మళ్ళీ అడిగాడు. అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు పెద్దగా వినపడింది. మా బావ కళ్ళు మూసుకున్నాడు. పోయేదాకా ఇంకా ఎన్నిసార్లు అడిగాడో, తను ఎన్నిసార్లు కాదందో అక్క నాకు చెప్పలేదు.

సమాధుల దొడ్లో పెట్టెని గోతిలోకి దించాక అయ్యగారు ప్రార్థన చేసి, ముందుగా భార్యని మట్టి వేయమన్నారు. ఎవరో అక్క చేతిలో గుప్పెడు మట్టి పెట్టారు. అక్క వేయలేదు. వేళ్ళు విప్పి పక్కకి రాల్చేసింది. "ఇన్నేళ్ళు తిన్నది చాల్లేదా ఆయనకి?" అంది. గట్టిగానే అంది. యూనిట్లో బావతో పనిచేసినవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళలో ఇద్దరు దగ్గుతున్నారు. అయ్యగారు తనే ఒక గుప్పెడు వేసి పక్కకి తప్పుకున్నారు.

చర్చివాళ్ళు ఇంటికొచ్చి చేసే ఆదరణ కూడిక అయిపోయి, వచ్చినవాళ్ళంతా భోంచేసి వెళ్ళిపోయారు. సాయంత్రం ఎండ కిటికీలోంచి ఓడ మీద పడుతోంది. అక్క తడిగుడ్డ పట్టుకుని గది మధ్యలో నిలబడి చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత గుడ్డ బకెట్లో పడేసి, బీరువా తాళం తీసింది. సీసా తెచ్చింది.

"బంక రాయవే" అంది.

నేను రాశాను. బంక కాస్త పక్కకి పోయింది. బావ ఉంటే తిట్టేవాడు.

"ఎటు నుంచి ఊదాలి?"

"ముందు నుంచి వెనక్కి అనేవాడు."

పొడి చల్లింది. వంగింది. గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఊదు ఊదింది. పొడి అంతా ఒక్కసారి ఎండలోకి లేచింది. అక్క గబుక్కున తన కొంగు తీసి నా ముక్కు మీద అదిమి పట్టింది, చిన్నప్పుడు పట్టినట్టు. "పీల్చమాకే" అంది. ఒక కన్ను మూసుకుని, ఓడకి దగ్గరగా మొహం పెట్టి చూస్తూ ఉండిపోయింది. దుమ్ము మెల్లగా దిగుతూ ఉంది. తన ముక్కుకి మాత్రం ఏమీ అడ్డం పెట్టుకోలేదు.