పాటకు సి గ్రేడు

మా అమ్మాయి ఒకటో తరగతి ప్రోగ్రెస్ కార్డులో తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు పై మూడు వరుసల్లోనే అయిపోయాయి. అసలు కథ ఆ కింద మొదలైంది. శుభ్రతకు ఎ. ఓపికకు ఎ. టిఫిన్ డబ్బా ఖాళీ చేయడానికి బి. నాయకత్వ లక్షణాలకు బి ప్లస్. బూటు లేసు కట్టుకోవడం రాక రోజూ పొద్దున్నే కాలు తెచ్చి నా ఒళ్లో పెట్టే పిల్ల ఎవరికి నాయకత్వం వహించిందో, ఆ ప్లస్ ఎక్కడ సంపాదించిందో నాకు ఇప్పటికీ తెలియదు. వెర్రి వెయ్యి విధాలని ఊరికే అనలేదు పెద్దలు. నవ్వుకుంటూ ఒక్కో గడీ చదువుతూ కిందికి దిగాను. చివరి గడి దగ్గర నవ్వు ఆగిపోయింది. అక్కడ పాటకు సి అని ఉంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. మా పిల్ల మాటలు సరిగ్గా రాకముందే పాడింది. అబిడ్స్‌లో నడిపించుకుని వెళ్తుంటే దుకాణాల బోర్డులన్నీ రాగం తీసి చదివేది. సిటీ బస్సు తలుపు దగ్గర "అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్" అని కేక వినిపిస్తే ఇంటికొచ్చి దాన్ని పల్లవి చేసుకునేది. వాళ్ల బడి నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో. క్లాసులోకి వినిపించే రైళ్ల ప్రకటనలన్నీ దానికి కంఠతా వచ్చు. ఏ రైలు ఎంత ఆలస్యమో స్నానం చేస్తూ పాడేది. శ్రుతి ఉందా, తాళం ఉందా అంటే నేను చెప్పలేను, నాకు సంగీతం రాదు. ఆ గొంతు వినపడకపోతే మాత్రం నాకు ఇల్లు ఇల్లులా ఉండదు.

కార్డు మీద పెద్దవాళ్లు సంతకం పెట్టి పంపాలి. మా ఇంట్లో పెద్ద అంటే మామయ్య. అబిడ్స్‌లో దుప్పట్లు, తువ్వాళ్లు అమ్మే దుకాణం ఆయనది. గల్లా వెనక గోడ మీద 'ఒకే ధర, బేరం లేదు' అని పెద్ద బోర్డు. అది కొనేవాళ్లకే కాదు, ఇంట్లోవాళ్లకూ వర్తిస్తుంది. నేను నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన కోడల్ని, గోంగూర కట్ట దగ్గర కూడా బేరమాడకుండా ఉండలేను. పెళ్లయిన కొత్తలో ఆటో అతనితో గట్టిగా బేరమాడితే మామయ్య ముఖం అటు తిప్పుకున్నారు. ఎదుటి మనిషి ఒక మాట చెప్పాడంటే అన్నీ చూసుకునే చెప్పి ఉంటాడు, తగ్గించమంటే అతన్ని దొంగ అన్నట్టేనని ఆయన నమ్మకం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

కాబట్టి కార్డు మొత్తం చదివి, "టీచరు పాట ఇన్నాకనే రాసి ఉంటది బిడ్డా" అని సంతకం పెట్టేశారు.

పిల్ల పక్కనే నిలబడి ఉంది. "తాతా, సి అంటే నేను మంచిగ పాడ్తలేననా?" అని అడిగింది.

"జర మంచిగ లేదని" అన్నారాయన. అబద్ధం చెప్పడం రాదు కదా.

ఆ రోజు నుంచి పాట బంద్. అలిగిందా అంటే అలగలేదు. అన్నం తింది, ఆడుకుంది, హోంవర్క్ చేసింది. సాయంత్రాలు దుకాణంలో దుప్పట్ల కట్ట మీద కూర్చుని కాళ్లూపుకుంటూ పాడే పిల్ల, ఇప్పుడు కాళ్లు మాత్రం ఊపుతోంది. పాత గిరాకీలు "పాప పాడ్తలేదేంది?" అని అడిగితే మామయ్య మడత పెట్టిన దుప్పటినే విప్పి మళ్లీ మడత పెట్టేవారు. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "ఇల్లు గిట్ల సప్పుడు లేకుంట ఉంటే ముద్ద దిగుతలేదు బిడ్డా" అన్నారు.

ఆ మర్నాడు బడి గేటు దగ్గర మా పిల్ల క్లాసులోనే చదివే ఒక అబ్బాయి తల్లి కలిసింది. వాళ్లబ్బాయికి పాటలో ఎ వచ్చిందట. ఆ పిల్లవాడు ప్రార్థనలో పెదాలు కదపడం తప్ప పాడగా నేనెప్పుడూ వినలేదు.

"మాగ్గూడ మొదలు సియే ఇచ్చిన్రు అక్కా" అందామె. "పెన్సిల్‌తోని రాసిస్తరు గద. శనివారం పోయి మాట్లాడుకుంటె పెన్నుతోని దిద్దుతరు. మీరు పోలేదా?"

"లేదు. సంతకం పెట్టి పంపినం."

"అయ్యో, మొదటి రేటుకే తీస్కున్నరా? అడగంది అమ్మయిన పెట్టదు అక్కా."

నిజమే, గ్రేడులన్నీ పెన్సిల్‌తోనే ఉన్నాయి. పిల్లలు పెన్సిల్‌తో రాస్తారు కాబట్టి టీచర్లూ రాశారేమో అనుకున్నాం. ఈ చుట్టుపక్కల చెప్పులు కొన్నా, గొడుగు కొన్నా చెప్పిన మొదటి ధర ఇచ్చేవాడు ఉండడు. అలాంటి చోట తరాలుగా వ్యాపారం చేస్తూ, మొదటి మాటకే పిల్లకు సి కొనుక్కొచ్చిన ఇల్లు మాదొక్కటే. సంగతి మామయ్యకు చెప్పాను. శనివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, "నేను గూడ వస్త" అన్నారు.

టీచరు చిన్న వయసు అమ్మాయి. ముందు కార్డుల కట్ట, పెన్సిలు, రబ్బరు, పెన్ను వరసగా పెట్టుకుని కూర్చుంది. మమ్మల్ని పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టింది. మామయ్య మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. పిల్ల బయట వరండాలో ఆయాతో ఉంది.

"మేడం, పాటల సి ఉన్నది" అన్నారు మామయ్య.

"ఔ సార్. మీరు ఎంత అనుకుంటున్రు?"

బేరమాడేవాళ్లను పంపించడమే కానీ, తను ఒక మాట చెప్పాల్సిన అవసరం మామయ్యకు ఎన్నడూ రాలేదు. చివరికి గొంతు సవరించుకుని, "బి ఇస్తె సాలు" అన్నారు. నేను నెత్తి కొట్టుకున్నాను. అడిగేటప్పుడే అంత తక్కువ అడుగుతారా ఎవరైనా?

"ఎ ప్లస్ లేకుంటె మాకొద్దు మేడం" అని నేను అందుకున్నాను. "అసలు మా పిల్ల పాట విన్నరా మీరు?"

"వినలేదు" అందామె, దాపరికం లేకుండా. "గంతమంది పాటలు ఇనుకుంట కూసుంటె పాఠాలు ఎప్పుడు చెప్పాలె? అందరికీ సియే పెట్టినం."

"వినకుంట సి ఎట్ల పెడ్తరు?"

"మొదలే ఎ పెడితె వచ్చినోళ్లు ఊకుంటరా మేడం? ఎ ప్లస్ అంటరు. గది గూడ ఇస్తె పక్కకు స్టార్ పెట్టుమంటరు. గందుకే కింది నుంచి షురూ చేస్తం. దీంతోని మీకేం పోయింది చెప్పుండ్రి."

నాకు ఒళ్లు మండింది. ఏం పోయిందో చెబుదామని నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. మనకు ఆ వస్తువు ఎంత అవసరమో అమ్మేవాళ్లకు తెలిస్తే బేరం పోయినట్టే. మా అమ్మ నాకు సంతలో నేర్పిన మొదటి పాఠం అది.

"నడువుండ్రి మామయ్యా, పోదాం" అని లేచాను. అది ఉత్తుత్తి లేవడమని ఆయనకు తెలియదు. పాపం, నిజంగానే లేచి, టీచరుకు నమస్కారం పెట్టి చెప్పులు వేసుకోబోయారు. నేను గుమ్మం దాకా వెళ్లేసరికి వెనక నుంచి పిలుపొచ్చింది.

"రాండ్రి మేడం, రాండ్రి. బి ప్లస్ చేద్దాం."

ఇంకో అడుగు వేశాను.

"సరే, ఎ. ఇన్నిట్ల ఎ అయితె ప్రిన్సిపల్ సార్ ఒప్పుకోడు. ఏదన్న ఒకటి తగ్గించుకోవాలె."

"నాయకత్వం తీస్కోండి."

"గది తీస్తె రేపు క్లాస్ లీడర్‌ను చెయ్యాలంటె కష్టమైతది మేడం."

"అయితె ఓపిక తీస్కోండి. ఎట్లాగూ లేదు."

ఆమె ఓపికను రబ్బరుతో చెరిపి బి రాసింది, పాటలో పెన్నుతో ఎ దిద్దింది. ఊది ఆరబెట్టింది కూడా. మామయ్య నా చెవి దగ్గరికి వంగి, "ఇది దుప్పటి గాదు బిడ్డా, పిల్ల" అన్నారు. సిగ్గేసింది. అయినా నా చేయి కార్డు కోసం చాచే ఉంది. నిజం చెప్పొద్దూ, లోపల పొంగిపోయాను కూడా.

ఆటోలో పిల్లను మా మధ్య కూర్చోబెట్టుకుని కార్డు చూపించాం. అది ఎ మీద వేలితో రుద్ది, చెరగలేదని చూసుకుంది.

"నాదేనా?"

"నీదే బిడ్డా" అన్నారు మామయ్య.

"ఎప్పటిదాంక?"

"మల్ల కార్డు ఇచ్చేదాంక నీదే."

"ఇగ పాడు మరి" అన్నాను నేను, ఆశగా.

అది తల అడ్డంగా ఊపింది. "గప్పటిదాంక పాడ."

"ఎందుకే?"

"పాడితె ఏడనన్న తప్పు పోతది మమ్మీ. మల్ల సి చేస్తరు."

కార్డును బ్యాగులో అడుగున పెట్టి జిప్పు వేసుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. వెనక్కి వెళ్లి ఆ టీచరు ముందు కార్డు చింపి రావాలనిపించింది. మామయ్య పిల్ల తల నిమిరారు.

అబిడ్స్ పోస్టాఫీసు దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఇరుక్కుంది. ముందు బస్సు, వెనక హారన్లు. ఆ రొదలో, మా ఇద్దరి మధ్య నుంచి సన్నగా ఏదో కూనిరాగం మొదలైంది. దానికే తెలియకుండా వస్తోందది. రెండు క్షణాల్లో తెలిసినట్టుంది, చప్పున అరచేత్తో నోరు మూసుకుని ఒకసారి నావైపు, ఒకసారి తాతవైపు భయంగా చూసింది.

మేమిద్దరం ఏమీ వినపడనట్టు రోడ్డువైపు తిరిగి కూర్చున్నాం.