పారణ నాటి కాఫీ పాకం

సూరత్ ఉధ్నాలోని ఆ గల్లీలో భాగీరథి నోటికి భయపడని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతడు ఆమె మొగుడు నర్సింగం. ధైర్యం ఎక్కువై కాదు, ఖటోదరా మగ్గాల చప్పుడులో వయసంతా నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు కనుక. తక్కినవాళ్లంతా, ఇంటి ఓనరు మొదలు కుళాయి దగ్గర వరస తప్పే ఆడవాళ్ల దాకా, ఆమె వస్తుంటే మాట మార్చేవాళ్లు.

సిరిసిల్ల నుంచి కొత్త పెళ్లికూతురుగా వచ్చి సూరత్ స్టేషన్లో దిగిన రోజున ఆమెకు హిందీ ముక్క రాదు. చదువు చూస్తే రెండో తరగతితో సరి. అయినా మొగుడి కూలి చాలక, మగ్గాల షెడ్డులో మెట్ల కింద స్టవ్ పెట్టి చాయ్ అమ్మింది. దారపు నూగు గొంతులో పేరుకుని దగ్గే మగ్గంవాళ్లకు ఆ చాయే మందు. పచ్చి అల్లం దంచి, గుప్పిట్లో పట్టి గిన్నెలోకి పిండితే మొదటి గుక్కకే గొంతు విచ్చుకునేది. ఒడియావాడు, బిహారువాడు, మన పద్మశాలి, ఎవడైనా సరే, షిఫ్టు మారేటప్పుడు ముందు ఆ మెట్ల కిందికి రావలసిందే. నా చేతి చాయ్‌కి వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదని ఆమె చెప్పుకునేది. నిజమే, పెడితే ఊరుకునేదా?

మోకాళ్లు అరిగాక ఆ పని మానేసింది. కొడుకు అంబదాస్ మగ్గం మీదికెక్కాడు. ఇంట్లో పొయ్యి కోడలు రుచిత చేతికి పోయింది. భాగీరథికి బతుకులో పెద్ద కష్టం ఏదంటే అదే.

రుచిత సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగులో మొదలుపెట్టిన మాట హిందీలో నడిచి గుజరాతీలో ముగుస్తుంది. పెళ్లికి ముందు ఒక మాల్‌లో కాఫీ దుకాణంలో పని చేసింది. చీరల దారాలు కత్తిరిస్తూ నడుం వంచుకోవడం ఇష్టంలేక, ఆర్డరు మీద ఇంట్లోనే తీపి పదార్థాలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. దసరా దాటి పొద్దున పూట గాలి కొంచెం చల్లబడే రోజులకని ఒక పాకం కనిపెట్టింది. చక్కెరను ఎర్రగా కరిగించి, మీగడ కలిపి, చిక్కటి కాఫీ డికాక్షన్ పోసి, దాల్చినచెక్క, లవంగం, యాలకులు, జాజికాయ, శొంఠి వేసి దగ్గరపడేదాకా ఉడికిస్తుంది. దాన్ని ఆమె సాస్ అంటుంది. కషాయానికి పట్టుచీర కట్టినట్టుందని అత్తగారు అన్నది.

శరత్ పున్నమి మర్నాడు సూరత్ అంతా ఘారీ తింటుంది. కోవా, పిస్తా కూరి, పైన నెయ్యి గడ్డకట్టించిన మిఠాయి అది. రెండో ముక్కకే మొహం మొత్తుతుంది. ఆ నెయ్యి మీద ఈ చేదు పాకం వెచ్చగా పోస్తే ఎంత బాగుంటుందో కతర్‌గామ్‌లో ఉండే ఊర్మిళాబెన్ ఎక్కడో రుచి చూసింది. వాళ్లు జైనులు, వజ్రాలు సానపట్టే కార్ఖానా ఉన్నవాళ్లు. ఇంట్లో పెద్దావిడ, అంటే ఊర్మిళాబెన్ అత్తగారు, ఆ నెలలో చేసే ఆయంబిల్ తపస్సు పూర్తి చేసింది. నెయ్యి, పాలు, నూనె, తీపి ఏదీ ముట్టకుండా రోజుకొక్కపూట చప్పిడి తిండి తిని గడిపిన తపస్సు. అది విడిచే పారణ కూడా ఘారీ తినే రోజే. పొద్దున పెసరకట్టుతో విడిచి, సాయంత్రం పొద్దు గూకకముందే బంధువులతో కలిసి తీపి తినాలి. పొద్దు గూకాక వాళ్లు ఏమీ ముట్టరు. ఆ తీపి మీదికి రుచిత పాకం.

ఇది బాగుంటే దీపావళికి ఆ బిల్డింగులో ఇళ్లన్నిటి ఆర్డర్లూ ఇప్పిస్తానని ఊర్మిళాబెన్ మాట ఇచ్చింది. బాగుండకపోతే ఏమవుతుందో అంబదాస్ ముందే చెప్పేశాడు. ఈసారీ కుదరకపోతే ఈ గిన్నెలన్నీ అటక మీద పడేసి, నువ్వు పక్కింటివాళ్లతో చీరల పనికి పోవలసిందేనని.

ఆ రోజు మధ్యాహ్నం పాకం పొయ్యి మీద ఉండగా సీసాలు తక్కువయ్యాయి. రుచిత మంట తగ్గించి, గరిటె అత్తగారి చేతికిచ్చి, కలుపుతూ ఉండడం తప్ప ఇంకేమీ చేయవద్దని రెండుసార్లు చెప్పి బజారుకు పరుగెత్తింది. రెండోసారి చెప్పడమే పొరపాటు. ఇన్నేళ్లు వందలమందికి చాయ్ పోసిన మనిషికి గరిటె తిప్పడం నేర్పుతుందా ఈ పిల్ల?

భాగీరథి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది. తియ్యగా ఉంది, చేదుగా ఉంది, కానీ గొంతులోకి దిగాక ఏమీ లేదు. పక్కన గిన్నెలో శొంఠి పొడి కనిపించింది. శొంఠి అంటే ఎండిన అల్లమే కదా. ఎండినది పనికొస్తే పచ్చిది ఇంకా శ్రేష్ఠం కాదా? ఆలోచన పూర్తికాకముందే చెయ్యి అల్లం దంచేసింది, పిండేసింది, పిప్పి చెత్తబుట్టలో పడేసింది. ఆ చేతికి అది ఊపిరి తీసుకున్నంత అలవాటు.

రుచిత తిరిగొచ్చి రుచి చూసి కళ్లు పెద్దవి చేసింది. ఇంత బాగా ఎన్నడూ కుదరలేదని, శొంఠి కొత్తది కావడం వల్లే అనుకుంటానని అన్నది. భాగీరథి నోరు విప్పలేదు. కోడలు శొంఠికి ఇచ్చిన మెప్పు తనదేనని తనకు తెలుసు, అది చాలు.

సీసాలు ఒళ్లో పెట్టుకుని ఇద్దరూ ఆటోలో కతర్‌గామ్ చేరేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. ఊర్మిళాబెన్ ఇల్లు మూడో అంతస్తులో. హాలునిండా చుట్టాలు. గోడ పక్కన చెక్క కుర్చీలో పెద్దావిడ కూర్చుని ఉంది. అందరూ ఆమెను బా, అంటే అమ్మ, అని పిలుస్తున్నారు. తెల్లచీర, చిక్కిపోయిన చేతులు, కళ్లు మాత్రం దీపాల్లా ఉన్నాయి. ఇంట్లో ఇంతమంది హడావిడి పడుతున్నది ఆవిడ ఒక్క ముద్ద కోసమేనని చూడగానే తెలుస్తోంది.

ఘారీలు పళ్లాల్లో పెట్టారు. ఊర్మిళాబెన్ సీసా అందుకుంటూ, అడగవలసిన ధర్మం కనుక అడుగుతున్నానని, ఇందులో ఏమేం పడ్డాయని అడిగింది. రుచిత గుజరాతీలో గడగడ చెప్పుకుపోయింది. ఉల్లి, వెల్లుల్లి మాటే లేదన్నది. చికోరీ కూడా ఒక మొక్క వేరు నుంచి వచ్చేదే కాబట్టి, అది కలవని కాఫీపొడి వెతికి తెచ్చానని సంచిలోంచి పొట్లం తీసి చూపించింది. పచ్చి అల్లం భూమిలో పెరిగే గడ్డ, మీరు ముట్టరని తెలుసు, అందుకే ఎండాక మీకు చెల్లే శొంఠి మాత్రమే వేశానన్నది. బా పెళ్లికి ముందునుంచే గడ్డ అన్నది నోట పెట్టలేదని ఊర్మిళాబెన్ గర్వంగా చెప్పింది. రుచిత గొంతు పట్టుకుని ఒట్టు కూడా వేసింది.

భాగీరథికి గుజరాతీ మాట్లాడడం సరిగా రాదు గానీ అర్థం కాకపోవడం లేదు. జైనులు ఆలుగడ్డ తినరని ఆమెకు తెలుసు, ఉల్లిగడ్డ తినరని తెలుసు. అల్లం సంగతి ఎన్నడూ అవసరం పడలేదు. మగ్గాల షెడ్డుకు చాయ్ తాగడానికి ఏ జైను సేఠ్ వచ్చాడు గనక?

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? పిప్పి కూడా చెత్తబండిలో పోయింది. చెబితే రుచిత వేసిన ఒట్టు ఇంతమందిలో అబద్ధమవుతుంది, దీపావళి ఆర్డర్లు పోతాయి, పిల్ల కత్తెర పట్టుకుని చీరల ముందు కూర్చుంటుంది. అదీ తన వల్ల. పైగా కోడలి ముందు తప్పు ఒప్పుకోవడమా? అంతకంటే ఈ మూడో అంతస్తునుంచి దూకడం మేలు.

ఊర్మిళాబెన్ సీసా మూత తీసి చెంచా ముంచింది. బా కళ్లు మూసుకుని చేతులు జోడించి మంత్రం చదువుకుంటోంది. చెంచా పళ్లెం మీదికి వచ్చింది.

"ఆగుర్రి," అన్నది భాగీరథి.

అది తెలుగు. రుచితకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు, కానీ ఆ గొంతుకు చెంచా ఆగింది. అప్పుడామె తనకు వచ్చిన హిందీలో, అది పెట్టవద్దని, అందులో పచ్చి అల్లం ఉందని, పిండింది తానేనని చెప్పింది.

ఊర్మిళాబెన్ భాగీరథి వంక చూడలేదు, రుచిత వంక చూసింది. ఇప్పుడే కదా ఒట్టు వేశావన్నది. రుచిత అత్తగారి వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"ఏందత్తమ్మా ఇది? నిజంగనే ఏసిన్రా?"

"ఏసిన. నువ్వు సీసాలకు పోయినప్పుడు." భాగీరథి మళ్లీ ఊర్మిళాబెన్ వైపు తిరిగి హిందీలో అన్నది, "పిల్లకు తెలియదు. అది అబద్ధం ఆడలేదు. అనాల్సింది ఉంటే నన్ను అను."

ఊర్మిళాబెన్ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. మూత బిగించి, చెంచాను విడిగా పెట్టించి, సీసాలన్నీ సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టింది. ఇక బయటికి దయచేయండి అని చెప్పడానికి ఇంకో పద్ధతి అది. చుట్టాల్లో ఒకావిడ ముక్కు మీద వేలు వేసుకుంది.

అప్పుడు బా కళ్లు తెరిచి కిటికీ వైపు చూసింది. సూర్యుడు ఇంకా ఉన్నాడు కదా, ఆ అమ్మాయి చేత మన పొయ్యి మీదే చేయించమన్నది. ఊర్మిళాబెన్ గొణిగింది. బా ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అన్నది.

"ఈవిడ ఊరుకుంటే నేను ఈపాటికి మింగేసి ఉండేదాన్ని, ఊర్మిళా."

సరేనన్నారు. కానీ ఊర్మిళాబెన్ ఒక షరతు పెట్టింది. వంటింట్లోకి పిల్ల ఒక్కతే రావాలి, పెద్దామె గడప దాటకూడదు. భాగీరథిని ఒక వంటింటి బయట నిలబెట్టడం ఆమె పుట్టాక ఇదే మొదటిసారి. సంచి తీసుకుని మెట్లు దిగిపోదామని లేచింది కూడా. లోపల గిన్నె చప్పుడు వినిపించింది. రుచిత కంగారుపడితే గిన్నె ఎలా మోగుతుందో ఆమెకు తెలుసు. మళ్లీ కూర్చుంది.

ఎదుటి గోడ మీద ఎండ పలక కిందికి జారుతోంది. కాసేపటికి లోపలినుంచి మాడిన వాసన వచ్చింది. చక్కెర పోయింది. తొందరలో మంట పెంచి ఉంటుంది, తిక్కది. భాగీరథి మోకాళ్ల మీద చేతులు నొక్కిపట్టుకుంది. మంట తగ్గించమని అరవాలని నాలుక చివరిదాకా వచ్చింది. అరిస్తే ఊర్మిళాబెన్ పొయ్యే ఆర్పేస్తుందేమో.

బా ఆమె చేతులకేసి చూస్తూ, కూర్చోవడం వంట కంటే కష్టంగా ఉన్నట్టుందే బెన్ అన్నది. మీకేం, తినకుండా కూర్చోవడం అలవాటు, నాకు వండకుండా కూర్చోవడం అలవాటు లేదని భాగీరథి అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. బా మాత్రం నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండోసారి కరిగిన చక్కెర వాసన బాగుంది. తర్వాత కాఫీ వాసన, యాలకుల వాసన. ఎండ పలక గోడ దిగి నేల మీదికి వచ్చేసరికి రుచిత గడప దగ్గరకు వచ్చింది. చేతిలో చిన్న గిన్నె, నుదుటి మీద చెమట. అత్తగారిని చూడకుండా గిన్నె చాచింది.

"జర చూడుర్రి. మాడుతదని భయానికి జల్ది దించిన."

భాగీరథి గడపకు ఇవతలే నిలబడి నాలుకకు రాసుకుంది. పలచగా ఉంది. గొంతులో మళ్లీ ఏమీ లేదు. నాలుక అల్లం అల్లం అంటోంది. దాని మాట విననందుకు నాలుక మీద ఆమెకే జాలి వేసింది.

"మిరియాలు నాలుగు దంచి ఎయ్యి. శొంఠి ఇంకో చిటికెడు. చిక్కబడేదాక ఆగకు, పొద్దు పోతున్నది."

"బస్?"

"బస్. ఇగ కలపకు, పట్కరా."

బాల్కనీ కటకటాల మీద వెలుగు ఇంకా ఉండగానే బా పళ్లెంలో పాకం పడింది. పలచన కనుక ఘారీ మీద నిలవలేదు, చుట్టూ జారి మడుగు కట్టింది. బా ఘారీ తునకను అందులో అద్దుకుని నోట పెట్టుకుంది. నమిలింది. మింగింది. ముఖం మీద ఏమీ తెలియలేదు. రుచిత గడప పట్టుకుని నిలబడి ఉంది. బా రెండో తునక అద్దుకుంది. పళ్లెం ఖాళీ అయ్యాక గ్లాసెడు నీళ్లు అందులో పోయించుకుని, వేలితో పళ్లెమంతా కడిగి, ఆ నీళ్లు కూడా తాగేసింది. అది వాళ్ల ఆచారం. తిన్న పళ్లెంలో చుక్క కూడా వదలరు. ఘాటు కొంచెం తక్కువైందని మాత్రం అన్నది.

ఎక్కువైతే ఏమైందో చూశారు కదా అనబోయి భాగీరథి ఊరుకుంది.

గుమ్మం దాకా వచ్చిన ఊర్మిళాబెన్ రుచితతో దీపావళి ఆర్డర్ల సంగతి మాట్లాడింది. ముందు చెప్పినన్ని ఇళ్లు కాదు, తన ఇల్లూ పక్కిల్లూ మాత్రమే. అవి సవ్యంగా జరిగితే మిగిలినవి చూద్దామన్నది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది. దేనిలో ఏం పడిందో ఇకమీదట నువ్వు చెప్పవద్దు, మీ అత్తగారు వచ్చి చెప్పాలి, ఆవిడ చెబితేనే సీసా లోపలికి తీసుకుంటానన్నది.

ఆటో కతర్‌గామ్ దాటి ఉధ్నా దారి పట్టింది. అల్లం సీసాలు సంచిలో ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి.

"నేను ఒక్క అబద్ధం ఆడలే అత్తమ్మా. అయినా నా మాటకు ఇలువ లేకుంట పోయింది. ఏసినోళ్లు మీరు, నమ్మకం మీ మీద."

భాగీరథి దగ్గర దీనికి నాలుగైదు జవాబులు సిద్ధంగా ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి పదునైనవి. ఒక్కటీ బయటికి తీయలేదు.

"తప్పు నాదే, పిల్లా."

రుచిత చటుక్కున తిరిగి చూసింది. అత్తగారి నోటివెంట ఆ మాట ఆమె విన్నది అదే మొదలు. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇగ నా గిన్నెల ఏదన్న ఏసేముందు ఫోన్ చెయ్యుర్రి."

"నాకు ఫోన్ చేసుడు రాదు."

"నేర్పిస్త తీయుర్రి. దీపావళి దాక శాన రోజులున్నయి."

"దీపావళి దాక ఎందుకు? ఇయ్యాల్నే నేర్పు."

రుచిత ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆటో గుంతలో పడి లేచింది. భాగీరథి మొద్దుబారిన బొటనవేలితో ఒత్తితే అది ఎవరికో పోయింది. అవతల మగ్గాల చప్పుడులోంచి అంబదాస్, ఏందే, ఏమైంది, ఆర్డర్ పోయిందా అని అరుస్తున్నాడు.

"పోలే," అన్నది భాగీరథి ఫోన్‌ను నోటి ముందు అద్దంలా పట్టుకుని. "జర తక్కువైంది గంతే. నువ్వు పెట్టెయ్యి, నేను నేర్చుకుంటున్న."