బాబా పడవకు కల్లు

మంచినీళ్ళ ట్యాంకు కడగమంటే మనిషి మోకాళ్ళు చెక్కుకుని, పరువు పోగొట్టుకుని, పెట్టె సర్దుకునేదాకా వెళ్ళగలడా అని మీకు అనుమానం రావచ్చు. వెళ్ళగలడు. వెళ్ళింది నేనే.

చలిదేశాల్లో చలికాలం వస్తోందంటే పడవలోని నీళ్ళన్నీ తీసేసి మూలన పెడతారట. ఖతర్‌లో అంతా తలకిందులు. ఎండలకు మూలనపడ్డ పడవను చలి మొదలవగానే బయటికి తీస్తారు. అల్ ఘర్రాఫాలో నేను హౌస్ డ్రైవర్‌గా చేసే ఇంటి వాకిట్లో, బండి మీద అలాంటి పడవే ఒకటి ఉండేది. ఎండాకాలమంతా నిలవున్న నీళ్ళతో దాని ట్యాంకు కంపు కొడుతోంది.

శుక్రవారం చుట్టాలతో సముద్రం మీదికి వెళ్ళాలని మా యజమాని ముచ్చట. ఆయన్ని ఇంట్లో అందరం బాబా అంటాం. పడవ సిద్ధం చేస్తే నాకు సెలవిస్తానన్నాడు. నా బిడ్డ పుట్టాక నేనింకా దాని మొహం చూడలేదు. అందుకే ఆ ట్యాంకు నాకు దేవుడితో సమానం.

బాబా అరబ్బీ, హిందీ కలిపి ఆజ్ఞ ఇచ్చాడు. "గంగాధర్, టాంకీ మే ఖల్ డాలో. సుబహ్ సబ్ నల్కా ఖోలో. ఖల్ ఘర్ మే హై."

నాకు వినబడింది కల్లు! ట్యాంకులో కల్లు పోయాలి, పొద్దున కుళాయిలన్నీ తిప్పాలి, అదీ ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉన్నదేమిటి? వాకిట్లో నిలువెత్తు ఖర్జూర చెట్టు! మాది జగిత్యాల పక్కన గౌడుల ఇల్లు. మా నాన్న ఈత కల్లు గీసేవాడు, ఖర్జూరం ఈతకు అన్నలాంటిది. ఈ దేశంలో కల్లంటే జైలేనని భయమేసింది గానీ, మా కులవృత్తి గల్ఫ్ దాకా పాకిందన్న గర్వం ఆ భయాన్ని మింగేసింది.

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. నేను జన్మలో చెట్టెక్కలేదు. నాన్న ఎక్కితే కింద నిలబడి కల్లు లొట్టి అందుకోవడమే నా విద్య. అయినా నాన్న చెట్టెక్కడానికి నడుముకు కట్టుకునే మోకులా లుంగీని చుట్టుకుని, మెడలో ఖాళీ డబ్బా వేలాడేసుకుని, వంటింటి కత్తి నోట కరచుకుని ఎక్కాను. ఎందుకురా కత్తి అని వంట చేసే సత్యమన్న ముందే అడిగితే, ఇది పెద్దవాళ్ళ గుట్టు, అడగొద్దన్నాను. పైకి చేరాక ముళ్ళు నన్ను గీశాయి గానీ, నేను చెట్టును గీయలేకపోయాను.

అప్పుడే బాబా కారు దిగాడు. పైన ఏం చేస్తున్నావని అడిగాడు.

"ఖల్ నికాల్తా, బాబా," అన్నాను వినయంగా.

ఆయన నన్నూ డబ్బానూ మార్చి మార్చి చూశాడు. తర్వాత చెట్టు మొదలు నిమిరి, "గంగాధర్, హాదా ఖలాస్," అని లోపలికి వెళ్ళిపోయాడు.

హాదా అంటే ఇది, ఖలాస్ అంటే అయిపోయిందని గల్ఫ్‌లో అడుగుపెట్టిన ప్రతివాడికీ మొదటిరోజే తెలుస్తుంది. జారుకుంటూ దిగి, మోకాళ్ళ తోలు చెట్టుకు అప్పజెప్పి, గదిలోకి వెళ్ళి పెట్టె తీశాను. ఏడుపు ఆగలేదు.

సత్యమన్నది అమలాపురం వైపు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంట్రా గంగా, పెట్టె సర్దుతున్నావ్?"

"బాబా ఖలాస్ అన్నడన్నా. నౌకరి వోయింది. సెలవు మీద పోవుడు వేరు, ఎల్లగొడ్తే పోవుడు వేరు. బిడ్డకు గౌను గూడ కొనలే."

"అసలు ఆ చెట్టెందుకు ఎక్కావు?"

"టాంకిల కల్లు పొయ్యమన్నడు గదనే."

సత్యమన్న నేలమీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. వంటింట్లోకి వెళ్ళి ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఖల్ అంటే ఇదిరా నాయనా, వెనిగర్. ట్యాంకులో కంపు పోవడానికి."

"మరి ఖలాస్?"

"అది ఆ ఖర్జూరం రకం పేరు. వాళ్ళ నాన్న నాటిన చెట్టది, అందుకే మురిసిపోయి పేరు చెప్పాడు. నువ్వు రోజూ గుప్పిళ్ళకొద్దీ మింగేది దాని పళ్ళేరా!"

ఆ సాయంత్రమే నీళ్ళలో వెనిగర్ కలిపి ట్యాంకులో పోశాను. ప్రతి కుళాయిలోనూ పులుపు వాసన వచ్చేదాకా మోటారు వేసి, రాత్రంతా అలాగే ఉంచాను. పొద్దున ఆ నీళ్ళన్నీ వదిలేసి, వాసన చచ్చేదాకా మంచినీళ్ళతో కడిగాను. శుక్రవారం బాబా పడవ కుళాయి తిప్పి, మొదటి గ్లాసు నాకే ఇచ్చాడు. చుట్టాలందరూ నా మోకాళ్ళ కట్లు చూసి నవ్వుతున్నారు. సత్యమన్న బాబాకు, బాబా వాళ్ళకు కథ అప్పటికే చెప్పేశారన్నమాట.

సెలవు మీద బయల్దేరుతుంటే బాబా ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టి, "ఖలాస్," అన్నాడు. ఈసారి నేను ఏడవలేదు. ఆ చెట్టు పళ్ళే, నా బిడ్డకు.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఖర్జూర చెట్టెక్కి వెనిగర్ గీయబోయినవాణ్ణి ఏమంటారో మీరే చెప్పండి. అందుచేత మా నాన్న మోకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏ ట్యాంకులో ఏది పోయమన్నా, ముందు వంటింట్లో అడుగుతాను, ఆ తర్వాతే చెట్టెక్కుతాను.