టవాలు కింద ధర

మాఘ బహుళ పంచమి, మంగళవారం. మదనపల్లెలో బట్టల అంగడి. ఉన్నవాళ్లు: నేను, నా భార్య సులోచన, అంగడి యజమాని. కొత్త టవాలు మడత విప్పగానే గంజి వాసన కొట్టింది. పుంగనూరు పశువుల సంత, అక్కడ నా పై అధికారిగా పనిచేసిన నంజుండప్ప గారు గుర్తొచ్చారు. ఇంటికొచ్చి ఆనాటి డైరీ తీశాను.

నంజుండప్ప గారిది కుప్పం. సంతలో అమ్మకం రసీదులు రాసే పనిలో నేను చేరేనాటికి ఆయన సూపర్‌వైజరు. అక్కడ ధర నోటితో చెప్పుకోరు. అమ్మేవాడూ కొనేవాడూ, లేదంటే వాళ్ల దళారులూ చేతులు కలుపుతారు, పైన టవాలు కప్పుతారు, వేళ్లు నొక్కి బేరమాడతారు. పక్కనున్నవాడికి ఏమీ తెలియదు. ఈ పద్ధతిని నిషేధించాలని పై ఆఫీసుకు అర్జీ రాసి ఆయనకు చూపించాను. చదివి, మడిచి, తిరిగిచ్చారు. "టవాలు ఆపితే సొక్కా కింద జేస్తారప్పా. తాతలనాటి అలవాటు నీ కాగితానికి పోతాదా?" అన్నారు. ఆయన మాత్రం ఒక నియమం పెట్టుకున్నారు. పశువు ఎవరిదో వాళ్లే వచ్చి తమ నోటితో ధర చెప్పాలి. అప్పుడే రసీదు.

ఒక సంతకు పెద్దమండ్యం నుంచి గంగులమ్మ వచ్చింది. భర్త పోయి ఏడాది. మరిదిని తోడు తీసుకుని, ఎద్దుల జతను రెండు రోజులు నడిపించుకుంటూ వచ్చింది. మెట్ట సేద్యం ఒక్కతి వల్ల కావడం లేదు. ఎద్దుల్ని అమ్మి పాడి ఆవులు కొనాలి, ఆ పాలతో ఇద్దరు పిల్లల్ని సాకాలి. మరిది టవాలు కింద బేరం ముగించి, దళారితో కలిసి ఆమెను మా బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు.

"ఎద్దులెవరివమ్మా?" అన్నారు నంజుండప్ప గారు.

"నావే సార్."

"ఎంతకిచ్చినావు?"

ఆమె మరిది వైపు చూసింది. "ఆయప్పకి తెలుసు."

"అమ్మేది నువ్వు గదమ్మా. తెలుసుకోని రా."

మరిది నవ్వాడు. "ఆడోళ్లు టవాలు కింద చెయ్యి పెడతారా సార్? యాడన్నా ఉండాదా?"

"కుప్పంలో పెడతారేమోలే" అన్నాడు దళారి. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

"మా కుప్పంలో తెలుగు, అరవం, కన్నడం మూడు బాసల్లో బేరమప్పా. అందుకే గట్టిగా అరుస్తాం" అని ఆయన రసీదు పుస్తకం మూసేశారు.

గంగులమ్మ మరిదిని పక్కకు పిలిచి ధర అడిగింది. విని, "ఆ ధరకి ఒంటెద్దు గూడా రాదు. ఇయ్యను" అంది. దళారి విసురుగా వెళ్లిపోయాడు. "అయితే నువ్వే అమ్ముకో పో" అని మరిది బస్సెక్కాడు. సంత మరునాడు కూడా ఉంటుంది కాబట్టి ఆమె ఎద్దులతో అక్కడే ఉండిపోయింది.

సాయంత్రం నాకు కోపం ఆగలేదు. "ఉన్న బేరం చెడగొట్టారు సార్. రేపు ఎవరూ అడక్కపోతే ఆమె గతేంది?" అన్నాను. "అడక్కపోతే తప్పు నాదేనప్పా" అన్నారు. రసీదు పుస్తకం సర్దుకుంటూ, "ఇయ్యను అనే నోరు లేనోళ్లకి సంత ఎంత పెద్దదైతే ఏం లాభం?" అన్నారు.

అప్పటిదాకా ఊళ్లు వానను బట్టి బాగుపడతాయనుకునేవాణ్ణి. తర్వాత ఉద్యోగరీత్యా చాలా సంతలు తిరిగాను. ఎద్దుల్ని అమ్ముకోవద్దని గంగులమ్మకు ఏ చట్టమూ చెప్పలేదు. ఆమెను ఆపింది ఆ నవ్వు. అలాంటి నవ్వు తగ్గి, ఆడవాళ్లు తమ బేరం తామే చెప్పుకునే ఊళ్లకే పాల వ్యాన్లు ముందుగా రావడం నేను చూశాను. అక్కడే కొత్త అంగళ్లు లేచాయి. ఇప్పటికీ ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడుతుంటే, నేను అసలు మనిషి వైపు తిరిగి అడుగుతాను. ఇంట్లో కూడా అంతే. అది ఆయన ఇచ్చిన అలవాటు.

మరునాడు ఉదయం గంగులమ్మ ఎద్దుల పక్కన నిలబడింది. చాలాసేపు ఎవరూ రాలేదు. చివరికి ఒక రైతు వచ్చి, ఎద్దుల పళ్లు చూసి, అలవాటు కొద్దీ భుజం మీది టవాలు తీసి చెయ్యి చాచాడు. ఎదుట ఉన్నది పరాయి ఆడమనిషి అని తోచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏం చేయాలో తెలియక ధర నోటితోనే చెప్పేశాడు. చుట్టుపక్కల అందరికీ వినబడింది.

"అంతేనా? నేనింకా ఇస్తా" అన్నాడు వెనకనుంచి ఒకడు. మూడోవాడు వేలంలో లాగా అతన్ని దాటి పాడాడు. గంగులమ్మ తొందరపడలేదు. నాలుగో ధర దాకా ఆగి, "ఈయప్పకిచ్చినా" అంది. మా బల్ల దగ్గరికి వచ్చి, మేము అడగకముందే, సంతంతా వినబడేలా ధర చెప్పింది.