నాలుక మీద సబ్బు

ఈ ఉదయం ఆరుంపావుకి ఇప్పనూనె సీసా మూత తీశాను. చేదు వాసన వంటిల్లు దాటగానే ముందుగదిలోంచి నాన్న కేకేశాడు.

"అదేనే వాసన! మా అమ్మ చేసినట్టే చెయ్యి. అదే సబ్బంటే."

నేను సబ్బు చేయడం ఇదే మొదటిసారి. ఫోన్‌లో కొబ్బరినూనెతో చేసే పద్ధతి ఒకటి ఉంది. నాన్నమ్మ పద్ధతి నాన్నకి కంఠతా వచ్చు.

మా చిన్నప్పుడు, ఎండలు తగ్గి మొదటి వానలు పడి, ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు డబ్బాల్లో ఇప్పనూనె మోసుకొచ్చి మా ప్లాంటు క్వార్టర్ల వెంట అమ్మే రోజుల్లో, నాన్నమ్మ పెరట్లో పీట వేసుకుని, ఇనప మూకుట్లో నూనె పోసి, కాస్టిక్ సోడా నీళ్లు వంచుతూ, వేపకర్రతో ఒకే వైపుకి తిప్పుతూ కూర్చునేది. ప్లాంటు నుంచి వచ్చిన నాన్న చేతుల గ్రీజు కొట్టు సబ్బుకి వదలదని ఆవిడ నమ్మకం. మేం రోడ్డు మీద పిట్టుల్, అదే ఏడుపెంకులాట, ఆడుకుంటూ ఆ ఘాటుకి దగ్గేవాళ్లం. బిళ్లలు కోసి మంచం కింద ఆరబెట్టేది. కాస్టిక్ ఇంకా మిగిలి ఉందేమో నాలుకతో చూడాలి. మిగిలి ఉంటే చురుక్కుమంటుంది. ఆ నాలుక ఎప్పుడూ అమ్మదే.

"నా నాలిక దేవుడి పేరు తల్సుకోడానికి కావాలే. నీ నాలిక్కేటి పనుంది?" అనేది నాన్నమ్మ.

చురుక్కుమందంటే, మొగుడి సబ్బుకి వంకలు పెడుతున్నట్టు. చురుక్కుమనలేదంటే, రేపు నాన్న చేతులు మండితే తప్పు అమ్మది.

ఒక ఏడాది వినాయక చవితి ముందురోజు, మండుతోందని అమ్మ చెప్పింది. "అబద్దం. ఇంకోటి నాకు," అంది నాన్నమ్మ. అలా వరసలో ఉన్న బిళ్లలన్నీ నాకించింది. మర్నాడు ఉండ్రాళ్లు, పులిహోర వాసనల మధ్య, ఆవిరి పట్టిన మా చిన్న గదిలో చుట్టాలందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. అమ్మ పొక్కిన నాలుకతో మజ్జిగ మాత్రమే తాగుతోంది. నాన్నమ్మ ఆమె విస్తట్లో పులిహోర వేసి, పైన ఎండుమిరపకాయలు ఏరి పెట్టింది.

"దేవుడి ప్రసాదం వద్దంటావేటే?"

అమ్మ తింది. కళ్లలోంచి నీళ్లు కారాయి.

"పులిహోరకి కూడా ఏడుస్తారేటే!" అన్నాడు నాన్న. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వబోయింది.

ఆ తర్వాత అమ్మకి రుచులు సరిగ్గా తెలిసేవి కావు. మొన్న చలికాలంలో పోయేదాకా, కూర దించే ముందు ఎవరో ఒకర్ని పిలిచేది. "ఉప్పు చూడమ్మా."

నేను ఇప్పనూనె సీసా మూత బిగించి, కొబ్బరినూనె తూకం వేశాను. వాసన తగ్గడం గమనించి నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటే, మా అమ్మ సబ్బు చెయ్యవేటి?"

"కుదరదు నాన్నా. నాకి చూసే మనిషి లేదు."

ఆయనకి ఏమీ గుర్తుకు రాలేదు. "సబ్బు నాకడమేటే!" అని నవ్వుకుంటూ పేపర్ దగ్గరికి వెళ్లిపోయాడు.

మా ఇంట్లో ఇప్పుడెవరూ సబ్బు నాకి చూడరు.