గాలిదేవుడి ఇస్తరి

నా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన కొత్తలో, జడ్చర్ల దగ్గరి మా ఊళ్లో మా అవ్వకు ‘పళ్లాల అవ్వ’ అని పేరు పడింది. అంతకుముందు ఆమెను ఎవరూ అలా పిలిచేవారు కాదు. ఒక ఎండాకాలం, ఎవరో విందు చేసి పారేసిన ప్లాస్టిక్ పళ్లేన్ని కూర వాసనకు మా మేక నమిలి మింగింది. రెండు రోజులు మూలిగి చచ్చిపోయింది. అవ్వ మేక కోసం ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మహిళా సంఘం వాళ్లను పోగేసింది. ఇంటికి నాలుగు స్టీలు పళ్లాలు సంఘానికి ఇవ్వాలి, ఊళ్లో ఏ శుభకార్యమైనా అందరూ అవే వాడుకోవాలి, వాడుకున్నవాళ్లు శుభ్రంగా తోమి తిరిగి ఇవ్వాలి. అంతే షరతు. మా ఇంటి పక్కనున్న సంఘం గది నిండా పళ్లాలు చేరాయి. దానికి అందరూ స్టీలు బ్యాంకు అని పేరు పెట్టారు.

ఆ పళ్లాల్లో ఏ రెండూ ఒక్కలా ఉండేవి కావు. ఎవరి గృహప్రవేశానికో, ఎవరి పెళ్లికో బహుమతిగా వచ్చినవి కాబట్టి అంచుల మీద పేర్లు, దీవెనలు చెక్కి ఉండేవి. తీరిక దొరికితే ఆ గదిలో కూర్చుని అవి చదవడమే నా పని.

ఆ మరుసటి ఏడు పక్కింటి అక్క పెళ్లి కుదిరింది. వాళ్ల నాన్న నాకు పెదనాయిన, అవ్వకు స్వయానా అక్క కొడుకు. అవ్వ గది తాళంచెవి కొంగుకు ముడేసుకుని తానే వెళ్లి అడిగింది.

“పళ్లాలు ఎప్పుడు పంపమంటవు బిడ్డా?”

పెదనాయిన నలుగురి ముందర నవ్వాడు. “చిన్నమ్మా, మగపెళ్లోళ్లు పెద్దోళ్లు. ఊరందరు తిన్న పళ్లాలల్ల వాళ్లకు పెడ్తే నా ఇజ్జత్ ఏముంటది? జడ్చర్లకెళ్లి వెండి రంగు ప్లాస్టిక్‌యి తెప్పిస్తున్న. తిన్నమా, పారేసినమా!”

“మంచిది బిడ్డా” అని అవ్వ తిరిగొచ్చింది. ఆ రోజు అన్నం సగమే తిన్నది. ఆ మిగిలిన సగం చూసేసరికి నాకు పెదనాయిన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ వెండి రంగు పళ్లాలకు ఏదో ఒకటి కావాలని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. మొక్కు అంత బాగా పనిచేస్తుందని మాత్రం అనుకోలేదు.

పెళ్లి పగటిపూట జరిగింది. తాళి కట్టడం అయ్యాక మగపెళ్లివారిని షామియానా కింద బల్లల ముందు కూర్చోబెట్టి, బగారన్నం, పచ్చిపులుసు వడ్డించారు. వాళ్లు ముద్ద నోట్లో పెట్టుకోకముందే గాలిదుమారం లేచింది. ముందు ఖాళీ పళ్లాల దొంతర కొంగల గుంపులా ఎగిరింది. వెనకే వడ్డించిన పళ్లాలు బయల్దేరాయి. కుక్కలు వాటి వెంట, పిల్లలు కుక్కల వెంట, వంటవాడు పిల్లల వెంట. పెళ్లికొడుకు మేనమామ నల్లకళ్లద్దాలు పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. ఒక పళ్లెం వచ్చి సరిగ్గా ఆయన నెత్తిన బోర్లా పడింది. పచ్చిపులుసు అద్దాల మీదుగా కారుతుంటే ఆయన కదలకుండా, “వాన మొదలైందా?” అని అడిగాడు.

గాలి తగ్గాక అసలు దుమారం మొదలైంది. “పిలిచి నెత్తిన పులుసు పోస్తరా? లేవుండ్రి, పోదాం!” అని మేనమామ లేచాడు. ఆయనతో పాటు బల్లలన్నీ లేచాయి. అక్క కొత్త పుస్తెలు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. పెదనాయిన ఒక్కొక్కరి ముందుకూ ఉరికి చేతులు జోడించాడు.

నేను అవ్వ కొంగు పట్టి లాగాను. “అవ్వా, ఇప్పుడు జెప్పు! అందరి ముందల జెప్పు!”

అవ్వ నా జబ్బ మీద గట్టిగా గిచ్చి, తాళంచెవి చేతిలో పెట్టింది. “నోరు మూస్కొని ఉరుకు. సంఘపోళ్లను తోల్కపోయి పళ్లాలు పట్కరా.”

నేను మొదటి దొంతర ఎత్తుకుని రొప్పుతూ వచ్చేసరికి అవ్వ మేనమామకు ఎంతో నెమ్మదిగా చెబుతోంది. “మీకు ఎవ్వరు జెప్పలేదా అయ్యా? మా ఊర్ల మొదటి ఇస్తరి గాలిదేవునిది. ఆయన తిన్నంకనే సుట్టాలకు అసలు పళ్లాలల్ల పెడ్తం. ఆయననే మీ నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ఇగ మీ అల్లునికి తిరుగు లేదు.”

ఆ నెత్తి మీద ఇంకా రెండు మెతుకులు ఉన్నాయి. మేనమామ పెదనాయిన వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఆచారం గురించి అప్పుడే వింటున్న పెదనాయిన, “అవ్ అవ్, మా తాతల కాలంకెళ్లి ఉన్నది” అన్నాడు.

మేనమామ మెత్తబడి కూర్చున్నాడు. అద్దాలు తుడుచుకుని, మేం ముందు పెట్టిన స్టీలు పళ్లెం అంచు మీది రాత పైకి చదివాడు. “అల్లునికి అత్తమ్మ ప్రేమతో.” పగలబడి నవ్వాడు. “మా అత్త ఇన్నేండ్లల్ల ఒక్క గ్లాసు గూడ పెట్టలే గదరా!” ఇక అందరూ తమ తమ పళ్లాలు చదవడం మొదలుపెట్టారు. పెళ్లికొడుకు పళ్లెం మీద ‘షష్టిపూర్తి శుభాకాంక్షలు’ అని ఉంది. ఆ నవ్వుల్లో బగారన్నం రెండుసార్లు వండాల్సి వచ్చింది.

మరునాడు పొద్దున్నే పెదనాయిన బోరింగు దగ్గర గొంతుక్కూర్చుని ఆ పళ్లాలన్నీ తానే తోమాడు. అవ్వ పక్కన నిలబడి, “అంచులల్ల జర గట్టిగ రుద్దు బిడ్డా” అని మాత్రం అంది.

నాకు మాత్రం మింగుడు పడలేదు. “ఆయనే గద మనల్ని జూసి నవ్వింది? ఆయన కోసం అబద్ధమెందుకు జెప్పినవ్?” అని అడిగాను.

“గెలిసినమని డప్పు గొడ్తే ఆయన మల్ల మన గడప తొక్కుతడా? సిగ్గుతోని మల్ల జడ్చర్లకే పోతడు. నవ్వినోళ్లు గూడ వచ్చి తింటేనే అవి అందరి పళ్లాలు బిడ్డా” అంది.

ఆ ఏడే అక్క అత్తగారి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లింట్లో ఇంకో పెళ్లి, గాలిదేవుడికి ఎన్ని ఇస్తర్లు పెట్టాలని అడిగారు. అవ్వ కాసేపు తల గోక్కుని, “ఒక్కటే. మోదుగాకుదే పెట్టుండ్రి. ప్లాస్టిక్‌ది ఆయన ముట్టడు” అంది. ఇప్పుడు ఆ ఊళ్లో కూడా ఒక పళ్లాల గది ఉంది. ఆ దేవుడు మాత్రం రెండు ఊళ్లలోనూ స్థిరపడిపోయాడు.

నేనిప్పుడు నల్గొండలో ఉద్యోగం చేస్తూ కిరాయి ఇంట్లో ఉంటున్నాను. బిల్డింగు వాళ్లందరి తడి చెత్తతో మేడ మీద ఎరువు చేద్దామని నేను అన్నప్పుడు, నాకు వేరే పని లేదా అని అందరిలో గట్టిగా నవ్వింది పై అంతస్తు ఆంటీ. మొన్న ఆవిడే గిన్నె ఒకటి కొంగు చాటున పెట్టుకుని, గులాబీ మొక్కలకు కొంచెం ఎరువు ఉందా అని గొణుగుతూ వచ్చింది. ఒక మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడం ఇప్పటికీ నాకు తేలిక కాదు. మింగేసి, “ఇది చిన్నగయితది ఆంటీ, పెద్ద గిన్నె పట్కరాండ్రి” అన్నాను.